సున్నిపిండిలో బావంచాలు, సీసాలో గ్లైకాలిక్

మన బంధువుల్లో పోయిన ఎండాకాలం నుంచి ఒక ప్రశ్న తిరుగుతోంది. గ్లైకాలిక్ యాసిడ్ క్రీం ముఖానికి రాసుకోవచ్చా, రాస్తే చర్మం నిజంగా బాగవుతుందా అని. అంకిస నుంచి అడిగారు, మంచిర్యాల నుంచి అడిగారు, ఇక్కడ బెంగళూరులో ఉన్న మా మేనత్త కొడుకులూ అడిగారు (అవును, మగపిల్లలే). పెద్దవాళ్ల జవాబు మాత్రం ఒక్కటే: "యాసిడ్ ఎందుకు, మన నలుగుపిండి లేదా?" సరే, ఆ పిండిలో ఏముందో, ఈ సీసాలో ఏముందో రెండూ కలిపి రాద్దామని కూర్చున్నాం. తవ్వుతూ పోతే పెద్దవాళ్లకూ పిల్లలకూ ఇద్దరికీ నచ్చని సంగతులు కొన్ని బయటపడ్డాయి.

అంకిస చూడని పిల్లల కోసం రెండు ముక్కలు. సిరొంచ తాలూకాలో, గోదావరికి ఉత్తరపు వైపు, అసరెల్లి పోయే దారిలో ఉన్న ఊరు అది. నది దాటితే తెలంగాణ. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు వదిలేశాక సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రమైంది. 1874లో ఆ జిల్లాను విడగొట్టి సిరొంచను చాందా జిల్లాలో కలిపారు. 1960లో మహారాష్ట్ర, 1982లో గడ్చిరోలి జిల్లా. సర్కారు మారినప్పుడల్లా కచేరీ భాష మారింది గానీ ఇంటి భాష మారలేదు. మా బాపు పని వెతుక్కుంటూ కర్ణాటక వచ్చాడు కాబట్టి మేం చదివింది కన్నడ మీడియంలో. ఈ తెలుగులో అక్కడక్కడ కన్నడం వాసన కొడితే అది మా బడి చలవ. మా సైన్సు పుస్తకంలో ఆమ్లానికి ఎదురు మాట 'ప్రత్యామ్ల'. 'క్షారం' అంటారని చాలా ఆలస్యంగా తెలిసింది. ఈ రెండు మాటలతో ముందుముందు పని ఉంది.

మూడు భాషల మధ్య పెరిగినందుకు ఒక లాభం ఏమిటంటే, ఒకే పనికి మూడు పేర్లు చెవిన పడతాయి. దీపావళికి తెల్లారగట్ల నూనె రాసుకుని పిండితో ఒళ్లు రుద్దుకుంటే మన ఇంట్లో నలుగు, అంకిసలో మరాఠీ మాట్లాడే పక్కింటివాళ్లకు ఉటణె. ఇక్కడ కన్నడం వాళ్లు నూనె స్నానం చేసి కడలెహిట్టుతో రుద్దుకుంటారు. పెళ్లికి ముందు పసుపు రాయడం మూడింట్లోనూ ఉంది.

మా బాపమ్మ పిండిలో పెసలు, శనగపప్పు, పిడికెడు బియ్యం, కచ్చూరాలు, కస్తూరి పసుపు, ఎండబెట్టిన నిమ్మతొక్క, బావంచాలు పడేవి. అడవిలో మొర్రిపండ్లు బాగా కాసిన ఏడు నాలుగు సారపప్పు గింజలు కూడా. పాలలో కలిపితే చంటిపిల్లలకు, పుల్లటి పెరుగులో కలిపితే పెద్దవాళ్లకు. ముందు నూనె, తర్వాత పిండి. ఈ వరస ఊరికే పెట్టింది కాదు. నూనె మురికినీ పొట్టునూ మెత్తబరుస్తుంది, పిండి ఆ నూనెను పీల్చుకుని, రాపిడికి పైపై చనిపోయిన పొరను తనతో తీసుకుపోతుంది. చర్మం పైపొర సుమారు నాలుగు వారాలకోసారి కొత్తదవుతుంది. పాతది ఊడిపోవడానికి కాస్త సాయం చేయడమే నలుగు పని.

ఇక్కడ పుల్లటి పెరుగు దగ్గర ఆగాలి. పెరుగులో ఉన్న పులుపు లాక్టిక్ ఆమ్లం. 1780లో షీలే అనే స్వీడన్ రసాయన శాస్త్రవేత్త పులిసిన పాల నుంచి దాన్ని వేరుచేశాడు. నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లాన్నీ, ఆపిల్‌లోని మాలిక్ ఆమ్లాన్నీ తర్వాతి అయిదేళ్లలో పట్టింది కూడా ఆయనే. చింతపండులో టార్టారిక్, చెరకు రసంలో కొద్దిగా గ్లైకాలిక్. ఇవన్నీ ఒకే కుటుంబం, ఆల్ఫా హైడ్రాక్సీ ఆమ్లాలు. అందుకే ఇప్పుడు చాలామంది "చూశారా, గ్లైకాలిక్ మన వంటింట్లోనే ఉంది" అని వీడియోలు పెడుతున్నారు. ఇది మాకు ఒప్పుకోబుద్ధి కాదు. పెరుగులో లాక్టిక్ ఆమ్లం ఒక శాతం చుట్టుపక్కల ఉంటుంది. అది కూడా పిండిలో కలిసి, పది నిమిషాల్లో నీళ్లతో పోతుంది. నలుగులో పనిచేసింది ముఖ్యంగా బాపమ్మ చేతి రాపిడి. పెరుగు పులుపుది చిన్న సాయమే. ఇక చింతపండుతో బాపమ్మ తోమింది ఇత్తడి బిందెను. ముఖానికి ఎవరూ పెట్టలేదు.

అసలు కథ బావంచాల్లో ఉంది. సంస్కృతంలో బాకుచి అనే ఈ నల్లటి చిన్న గింజలు ఆయుర్వేదంలో బొల్లికి మందు. తెల్లబడ్డ మచ్చ మీద గింజల ముద్ద రాసి ఎండ తగిలిస్తే రంగు మళ్లీ వస్తుందని వైద్యులు వాడేవారు. 1933లో జోయిస్, మంజునాథ్, వెంకటరావు అనే మన దేశపు రసాయన శాస్త్రవేత్తలు ఈ గింజల నుంచి సోరలెన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. సోరలెన్ గుణం ఏమిటంటే, అది చర్మంలో ఉన్నప్పుడు ఎండలోని అతినీల కిరణాలు పడితే చర్మం మామూలు కంటే చాలా ఎక్కువగా స్పందిస్తుంది. రంగు ముదురుతుంది, మోతాదు మించితే బొబ్బలెక్కుతుంది. 1974లో అమెరికా డాక్టర్లు ఇదే జాతి మందును మింగించి, అతినీల కాంతి పట్టి సోరియాసిస్‌కు వైద్యం చేసిన ఫలితాలు ప్రచురించారు. ఎవరికి ఎంత కాంతి పట్టాలో తేల్చుకోవడానికి 1975లో థామస్ ఫిట్జ్‌పాట్రిక్ చర్మాన్ని రకాలుగా విడదీశాడు. ఎండకు ఎర్రగా కమిలేదెవరు, నల్లబడేదెవరు అన్నది దాని లెక్క. మొదట తెల్లవాళ్ల చర్మం కోసమే వేసిన ఆ పట్టికలో గోధుమ, నలుపు చర్మాలకు 5, 6 రకాలు తర్వాత చేరాయి. ఈ రోజు చర్మ డాక్టరు దగ్గర గ్లైకాలిక్ పీల్ చేయించుకోబోతే "మీది టైపు నాలుగు" "టైపు అయిదు" అంటారే, ఆ అంకె ఈ పట్టికదే.

ఇందులో వింత గమనించారా? మా ఇంట్లో ఒంటి రంగు తేలడానికని రుద్దిన పిండిలో, రంగు ముదిరించే గింజ ఉంది. చీకటితోనే స్నానం చేసి, పిండిని కడిగేసుకుంటారు కాబట్టి ఏమీ కాలేదనుకుంటాం. అదే పిండి రాసుకుని మిట్టమధ్యాహ్నం అంకిస ఎండలో మిరప తోటకు పోతే ఏమయ్యేదో చెప్పలేం. "మనది పాతది, కాబట్టి నిరపాయం" అనే పెద్దవాళ్ల వాదన ఇక్కడ కొంచెం వంగుతుంది. పిల్లలు అంత సంబరపడనక్కరలేదు. 1966లో మెహతా, నాయక్, సుఖ్‌దేవ్ ఇవే గింజల్లో కనిపెట్టిన ఇంకో పదార్థం బాకుచియాల్. ఇప్పుడు రెటినాల్‌కు బదులని వందల రూపాయలు పెట్టి మీరు కొనే సీరం అదే. పేరులోనే బాకుచి ఉంది. మనం సిరొంచ అంగట్లో పొట్లం కట్టించుకునే గింజ దేశాలు తిరిగి సీసాలో వచ్చింది, అంతే.

రంగు మాట వచ్చింది కాబట్టి ఒకటి దాచకుండా చెప్పాలి. పాతరోజుల్లో మనవాళ్లకు రంగు పిచ్చి లేదని, అదంతా క్రీం కంపెనీలు నేర్పిందని రాయడం తేలిక. మా ఇంటి మాటలే దానికి ఒప్పుకోవు. సంబంధం చూసివచ్చి బాపమ్మ మొదట చెప్పేది "పిల్ల ఎర్రగున్నది" అనో "చామనచాయ" అనో. కాకపోతే ఆమె నోట తెల్లరంగు మంచి మాట కాదు. ఒంటి మీద తెలుపంటే బొల్లి, భయం. "తెల్లగా కావాలి" అన్నది మేం విన్నది టీవీ వచ్చాకే. కోరిక పాతదే. దాని పేరు, ధర మారాయి.

సబ్బు సంగతి క్లుప్తంగా. 1916లో మైసూరు ప్రభుత్వం బెంగళూరులో సబ్బు ఫ్యాక్టరీ పెట్టింది. మైసూర్ శాండల్ అక్కడ పుట్టిందే. బాపు సెలవులకు అంకిస పోయినప్పుడు సంచిలో తప్పక ఉండేవి ఆ సబ్బులు. బాపమ్మ వాసన చూసి మురిసిపోయి బీరువాలో బట్టల మధ్య పెట్టేది, రుద్దుకునేది కాదు. "సబ్బు పెడితే తోలు గుంజుకపోతది" అనేది. ఆ మాటలో నిజం ఉంది. 1928లో షాడె, మార్కియోనిని అనే జర్మన్ డాక్టర్లు చర్మం మీద సహజంగానే పలుచటి ఆమ్లపు పొర ఉంటుందని చెప్పారు. ఆరోగ్యమైన చర్మం పీహెచ్ 5 దగ్గర ఉంటుంది, అంటే కాస్త పుల్లన. మామూలు సబ్బు 9, 10 దగ్గర ఉండే క్షారం, మా బడి భాషలో ప్రత్యామ్ల. రోజుకు రెండుసార్లు పుల్లటి చర్మం మీద క్షారం రుద్దితే బిగుసుకుపోక ఏం చేస్తుంది?

సబ్బు తర్వాత స్నో. 1919లో బొంబాయిలో పటన్‌వాలా అఫ్ఘాన్ స్నో తెచ్చాడు. స్టియరిక్ ఆమ్లంతో చేసిన ఆ తెల్లటి క్రీం రాస్తే మాయమై, పైన సన్నటి మెరుపు మిగిలేది. తర్వాత 1975లో హిందుస్తాన్ లీవర్ ఫెయిర్ అండ్ లవ్లీ. 2020లో దాని పేరులో ఫెయిర్ తీసి గ్లో పెట్టారు. అదే 2020లో జైపూర్‌లో మొదలై, ఆమ్లాల శాతాన్ని సీసా మీదే పెద్ద అక్షరాలతో అచ్చువేసిన మినిమలిస్ట్ కంపెనీలో 90.5 శాతం వాటా కొంటున్నట్టు హిందుస్తాన్ యూనిలీవర్ 2025 జనవరిలో ప్రకటించింది. తెలుపు అమ్మిన చేతికే ఇప్పుడు యాసిడ్ అంగడి కూడా వచ్చింది.

ఇక ఆ యాసిడ్ పుట్టుక. గ్లైకాలిక్ అన్న పేరు పదార్థం కంటే ముందు పుట్టింది. 1848లో ఫ్రెంచి శాస్త్రవేత్త లోరాం ఇలాంటి ఆమ్లం ఒకటి ఉండాలని ఊహించి పేరు పెట్టాడు. 1851లో జర్మన్ స్ట్రెకర్, రష్యన్ సొకొలోవ్ కలిసి తయారుచేశారు. చెరకు రసంలో ఉన్నమాట నిజమే గానీ మన సీసాలోది చెరకు నుంచి రావడం అరుదు. ఫార్మాల్డిహైడ్, కార్బన్ మోనాక్సైడ్ కలిపో, క్లోరో ఎసిటిక్ ఆమ్లం నుంచో ఫ్యాక్టరీలో చేస్తారు. అణువు అదే కాబట్టి మాకు అభ్యంతరం లేదు. డబ్బా మీద చెరకు గడ బొమ్మ వేయడమే కొంచెం అతి.

చర్మానికి దాని అవసరం 1974లో తేలింది. వాన్ స్కాట్, రుయీ యూ అనే ఇద్దరు అమెరికాలో ఇక్తియోసిస్ రోగుల మీద పనిచేస్తున్నారు. పుట్టుకతోనే చర్మం చేప పొలుసుల్లా అట్టగట్టే జబ్బు అది. ఆల్ఫా హైడ్రాక్సీ ఆమ్లాలు కలిపిన పూత రాస్తే ఆ పొలుసులు వదులై ఊడిపోయాయి. చనిపోయిన కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే అతుకులను ఈ ఆమ్లాలు సడలిస్తాయి. వాటిలో గ్లైకాలిక్ అన్నిటికంటే చిన్న అణువు కాబట్టి తేలిగ్గా లోపలికి దిగుతుంది. అందుకే పనీ ఎక్కువ, మంటా ఎక్కువ. బాధపడే రోగుల కోసం మొదలైన మందు తర్వాత ముడతలకూ, మొటిమల మచ్చలకూ, మంగుకూ, బరుకు చర్మానికీ వచ్చింది. గమనించండి, తెలుపు అన్నది ఈ వరసలో ఎక్కడా లేదు. పుట్టిన రంగు చర్మం లోపల తయారవుతుంది. పైపొర తీసినంత మాత్రాన అది మారదు. మచ్చ పలచబడుతుంది, ముఖం తేటపడుతుంది, నునుపు వస్తుంది. అది కూడా రెండు మూడు నెలలకు.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం. మా చిన్నాయన బిడ్డ అంకిసలో ఉంటుంది, రోజూ బండి మీద సిరొంచ పోయివస్తుంది. మే నెలలో పెళ్లి అనగా ఫిబ్రవరిలో ఫోన్ చేసింది. "అక్కా, ఆ ఎర్రటి సీసా ఉంటది గదా, ముప్పై పర్సెంటుది, అది పంపిస్తవా? పెండ్లి వరకు మొకం తేట కావాలె." ఇప్పుడేం రాస్తున్నావని అడిగాం. టెస్టింగ్ ఉద్యోగంలో మాకు పట్టుబడ్డ అలవాటు ఒకటుంది: కొత్తది వేసే ముందు లోపల ఇప్పటికే ఏం నడుస్తోందో చూడటం. చెల్లె ఒక ట్యూబు ఫొటో పంపింది. చీటీ లేకుండా మందుల దుకాణంలో కొన్నదట, నాలుగు నెలలుగా రాస్తోంది. సన్న అక్షరాల్లో ఉన్నవి మోమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్. మొదటిది స్టెరాయిడ్. "మొదట్ల మస్తు తేలింది అక్కా, ఇప్పుడు ఎండల పోతే చెంపలు మండుతున్నయి, సన్న వెంట్రుకలు వస్తున్నయి" అంది.

ఈ మూడింటి జోడీకి మూలం 1975లో క్లిగ్‌మన్ మంగు కోసం రాసిన మిశ్రమం. డాక్టరు చూస్తుండగా కొన్ని వారాలు వాడాల్సిన మందు. మన దగ్గర అది రంగు క్రీం అయికూచుంది. నెలల తరబడి రాస్తే స్టెరాయిడ్ చర్మాన్ని పలచన చేస్తుంది, సన్నటి రక్తనాళాలు బయటపడతాయి, మానేస్తే మొహం భగ్గుమంటుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ మీదే అమ్మేలా షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. కాగితం మీద. గడ్చిరోలి జిల్లా కేంద్రం అంకిసకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. చర్మ డాక్టరు కంటే మందుల దుకాణం దగ్గర, దుకాణం కంటే పక్కింటి పిల్ల సలహా దగ్గర. పలచబడ్డ ఆ చర్మం మీద ముప్పై శాతం యాసిడ్ పడి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేసింది.

సీసా పంపలేదు. చిన్నమ్మకు ఫోన్ చేసి, కాళేశ్వరం వంతెన దాటి పిల్లను చర్మ డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మన్నాం. ఆ డాక్టరు ట్యూబును మెల్లగా మాన్పించి, మెత్తటి మాయిశ్చరైజరు, సన్‌స్క్రీను తప్ప ఏదీ రాయొద్దన్నాడు, యాసిడ్ ఏడాది దాకా వద్దన్నాడు. పెళ్లినాటికి ఎరుపు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. మగపెళ్లివారి తరఫు పెద్దమ్మ ఒకామె "పిల్ల కమిలినట్టున్నదేంది" అననే అంది. నలుగు పెట్టారు, బావంచాలు లేకుండా, ముఖం వదిలేసి చేతులకూ కాళ్లకూ మాత్రమే.

ఇప్పుడు అడిగినవాళ్లకు జవాబు. ముఖం మీద మామూలు ఆరోగ్యమైన చర్మం ఉండి, మచ్చలో బరుకుదనమో తగ్గాలనుకుంటే గ్లైకాలిక్ వాడొచ్చు. అది పనిచేసే పదార్థమే. కానీ డబ్బా మీద శాతం ఒక్కటే చూస్తే సగం సమాచారమే చూసినట్టు. రెండో సగం పీహెచ్. పీహెచ్ 3.5 దగ్గర ఆమ్లంలో దాదాపు 68 శాతం పనిచేసే రూపంలో ఉంటుంది. అదే 4.5కు పోతే 18 శాతమే. అంటే ఒకే 10 శాతం క్రీములు రెండు, ఒకటి చురుకుమంటుంది, ఇంకోటి నీళ్లలా ఉంటుంది. ఇంట్లో వాడే వాటికి అమెరికాలో 1998లో నిపుణుల సంఘం పెట్టిన హద్దు ఇది: 10 శాతానికి మించకూడదు, పీహెచ్ 3.5 కంటే తగ్గకూడదు, ఎండ రక్షణ తప్పనిసరి. 30, 50, 70 అన్నవి డాక్టరు గదిలో గడియారం చూస్తూ వాడి కడిగేసేవి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, అంకిస వాళ్లకు మరీ. అమెరికా ఔషధ సంస్థ చేయించిన పరీక్షలో ఈ ఆమ్లాలు నాలుగు వారాలు రాసినవాళ్ల చర్మం ఎండకు ఎర్రబడే గుణం 18 శాతం పెరిగింది, కణాలకు తగిలే దెబ్బ సగటున రెట్టింపయింది. మానేసిన వారానికి మళ్లీ మామూలైంది. అందుకే 2005 నుంచి అక్కడ ఈ క్రీముల మీద ఎండ హెచ్చరిక వేయమని సూచన ఉంది. మన గోధుమరంగు చర్మానికి ఇంకో తంటా: ఎక్కడ మంట పుడితే అక్కడ నల్లమచ్చ మిగులుతుంది. మచ్చ పోవాలని రాసిన క్రీమే ఎండతో కలిసి కొత్త మచ్చ పెడుతుంది. మే నెలలో తునికాకు ఏరడానికి పోయేవాళ్లు, మిరప కల్లాల్లో పొద్దంతా ఉండేవాళ్లు ఆ నెలల్లో దాని జోలికి పోవద్దు. వానలు పడ్డాక మొదలుపెట్టండి. అయిదు శాతంతో, వారానికి రెండు రాత్రులు, పొడి ముఖం మీద. తెల్లారి సన్‌స్క్రీను, పైన రుమాలు. ఆ రాత్రి నిమ్మరసం, పిండి రుద్దడం, గడ్డం గీయడం ఏవీ వద్దు. మండితే మానేయండి, ఓర్చుకుంటే ఎక్కువ పనిచేస్తుందన్నది అబద్ధం.

నలుగు మానాలని మేం అనడం లేదు. దీపావళికి మా బెంగళూరు ఇంట్లో ఇప్పటికీ పెడతాం, పెసరపిండి, పెరుగు, పసుపు వేసి, బావంచాలు తీసేసి. అయితే ఒక అనుమానం మిగిలింది. బాపమ్మ చేతి పిండిలో ఎన్ని పెసలకు ఎన్ని బావంచాలో ఎవరూ రాసిపెట్టలేదు. అంకిసలో పెద్దమ్మ గుప్పెడంటుంది, మంచిర్యాల చిన్నత్త చిటికెడంటుంది. గుప్పెడుకూ చిటికెడుకూ మధ్య తేడా ఎంతో సోరలెన్ సంగతి చదివాక అర్థమైంది. మీ ఇంట్లో పాళ్లు ఎవరికైనా గుర్తుంటే, బావంచాలు వేసేవారా లేదా, వేస్తే వేయించి వేసేవారా పచ్చివా, అమ్మమ్మలను అడిగి మాకు రాయండి. ముఖ్యంగా నది అవతలి మహదేవ్‌పూర్, చెన్నూరు వైపు వాళ్లు.